సున్నం గీత

సోమవారం పొద్దుగాల గేటు తాళం తీయంగనే
నేను మొదలు చూసేది గ్రౌండును.
నిన్న పక్క ఫంక్షన్ హాల్ల పెండ్లి.
నూరు కార్లు మా బడిల పండుకొని పోయినయి.
శుక్రవారం నేను గీసిన గీతలు
టైర్లకంటుకొని ఎవరెవరి ఇండ్లకో పోయినయి,
ఒకటి మెహిదీపట్నం పోయుంటది,
ఒకటి కొంపల్లి.

నేను ఎల్లేశం, గోల్నాక హైస్కూల్ల అటెండర్ను.
బెల్లు కొట్టుడు, ట్యాంకు నింపుడు, సార్లకు చాయ్ తెచ్చుడు.
సున్నం గీసుడు ఏ జీవోల లేదు.
పీఈటీ కుర్చీ మూడేండ్ల సంది ఖాళీ,
దాని మీద పాత హాజరు పట్టీలు కూసున్నయి.
లెక్కల ఫర్హానా మేడమే టేపు పట్టుకొని వస్తది.
"నడుమ గీత వంకర పోవద్దు ఎల్లేశం,
పోతే ఆట మొత్తం తప్పు."
సుతిలి గుంజి కట్టి
పగిలిన మగ్గుల సున్నం పోసి
వెనుకకు నడుసుకుంట గీస్తా.
వెనుకకు నడిచేటోనికి
గీసిందే కనబడుతది,
పోయే జాగ కనబడది.

ఖోఖోకు పన్నెండు మంది ఆడపిల్లలు,
బూట్లు ఏడు జతలు.
నఫీసా వాళ్ల నాయిన పంక్చర్లు అతుకుతడు.
శివలీల అపార్టుమెంట్ల అంట్లు తోమి
తడి చేతులతోనే ప్రార్థనకు ఉరికొస్తది.
భాగీరథి బీదర్ మేస్త్రీ బిడ్డ,
తెలుగు ఇంకా నోరు తిరగలే,
ఒక్క మాట మాత్రం గోడలదిరేటట్టు అంటది:
ఖో!

మాఘమాసమొస్తే ఆదివారమని లేదు,
దినాం కార్లే.
హెడ్మాస్టరు సారు రెండు దరఖాస్తులు రాసిండు.
హాలెవరిదో తెలిసినంక
మూడోది రాయలే.
పిల్లలు ఆగుతరా?
రెండు బంపర్ల నడుమ ఒకతి కూసుంటది,
డిక్కీ ఎనుక ఇంకొకతి.
నఫీసా కడుపు లోపలికి పీల్చి, భుజం తిప్పి,
అద్దాల సందుల నుంచి
సబ్బు జారినట్టు జారుతది.
ఒకపారి ఇన్నోవా అద్దం పలిగింది.
డ్రైవరు మీదికొచ్చిండు.
మేడం పర్సు తీసింది.
కింద పడ్డ ముక్కలు ఏరుకుంట నేను చూస్తే
ఒక్కొక్క ముక్కల ఒక్కొక్క పిల్ల
ఇంకా ఉరుకుతనే ఉన్నది.

పోటీలు కోకాపేట దిక్కు పెద్ద బడిల.
గడ్డి పరుపు లెక్కుంది.
గీతలు మిషన్‌తోని గీసిండ్రు,
పుట్టిన సంది ఎవలూ తొక్కనట్టున్నయి.
నఫీసా దిగింది.
ఖాళీ గ్రౌండుల
ఏం లేని కాడ వంగుతది,
ఏం లేని కాడ పక్కకు తిరుగుతది.
"గాలికి దారిస్తుందా ఏంది ఈ పిల్ల?"
కుర్చీల మీదోళ్లు నవ్విండ్రు.
నాకు తెలుసు.
అగో, ఆడ తెల్ల ఇన్నోవా,
ఈడ ఎర్ర స్విఫ్టు,
ఆ మూలకు బంతిపూల పెండ్లిపిల్లగాని కారు.
పట్టేటోళ్లకు అవి కనబడకపాయె,
పిల్ల దొరకకపాయె.
నాలుగు నిమిషాలు నవ్వు ఆగింది.

గెలిచినమని చెప్తే అబద్ధమైతది.
రెండో ఆటల ఓడినం.
అంత పెద్ద జాగ చూసి
భాగీరథి గొంతు చిన్నగైంది.
ఖో అన్నది, రెఫరీకి ఇనబడలే.
విజిల్ పడ్డది.

వాపస్ వచ్చేటప్పుడు బస్సుల టికెటు కొన్నది నేనొక్కన్నే.
మిగతా అందరూ ఆధార్ చూపిచ్చి కూసున్నరు.
ఎవ్వరూ మాట్లాడలే.
లకిడికాపూల్ సిగ్నల్ కాడ
కిటికీల నుంచి తల బయట పెట్టి
భాగీరథి ఒక్కసారే అరిచింది: ఖో!
ఎర్రలైటు పచ్చగైంది.
డ్రైవరుతో సహా బస్సంతా నవ్వింది.
పిల్లకు నవ్వు రాలే,
ఇంకోసారి అరిచింది.

ఇయ్యాల మల్ల సోమవారం.
సుతిలి కట్టిన, మగ్గు నింపిన.
వెనుకకు నడుసుకుంట నడుసుకుంట
ఇన్నోవా ఆగే జాగకు రాంగనే
నడుము దానంతటదే జరంత వంగింది,
సున్నం కూడ దాని ఎంబడే.
మేడం టేపు పట్టుకొని నిలబడ్డది.
"వంకర పోయింది ఎల్లేశం" అన్నది.
చెరపుమనలే.